గిడ్డమ్మ విప్పాలనుకున్న కట్ట

కర్నూలు పెద్దాసుపత్రిలో కాన్పుల వార్డు ముందు బెంచీ మీద కూర్చున్న గిడ్డమ్మ ఉన్నట్టుండి లేచి, టీ తాగొస్తానని కొడుకుతో చెప్పింది. హనుమేష్‌కు అక్కడే అనుమానం రావాలి. బయట టీ కొనుక్కుని తాగే మనిషి కాదు వాళ్లమ్మ. కానీ లోపల అతని పెళ్లాం రమణి తెల్లవారకముందు నుంచి నొప్పులు పడుతోంది. మధ్యాహ్నం కావస్తున్నా బిడ్డ కిందికి దిగలేదు. ఇంకొంచెంసేపు చూస్తామని, అప్పటికీ కాకపోతే ఆపరేషనేనని డాక్టరమ్మ చెప్పి వెళ్లింది. అలాంటప్పుడు తల్లి మాటలో తేడాలు వెతికే తీరిక కొడుక్కి ఎక్కడుంటుంది? సరేనని తలూపాడు.

అదే బెంచీకి ఆ కొసన రమణి తల్లి మద్దమ్మ కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి వియ్యపురాళ్లిద్దరూ ఒకే బెంచీ మీద ఉన్నారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గిడ్డమ్మ ఆమెకేమీ చెప్పకుండానే మెట్లు దిగింది. టీ కొట్టు దాటింది, మందుల షాపులు దాటింది, గేటు బయట ఆటో ఎక్కి కూర్చుంది.

"పాతూర్లో నవాబుల మేడ ఉండాదంట గదప్పా, ఆకుల పుస్తకాలు దాచిపెట్టేది. ఆడికి పోనీ. బిరీన పోనీ," అంది.

ఆమె వెళ్తున్నది పుస్తకాలు చదవడానికి కాదు, ఆమెకు చదువే రాదు. అక్కడ ఒక ముడి విప్పి రావాలి, అదీ ఎవరూ చూడకుండా. కోడలి ప్రాణం, కడుపులో ఉన్న బిడ్డ ప్రాణం ఆ ముడిలో చిక్కుకుని ఉన్నాయని ఆమె నమ్మకం.

కాన్పు కష్టమైతే ఇంట్లో ముడి అనేది ఉండకూడదని కోసిగి వైపు పల్లెల్లో ఆడవాళ్లు చాలామంది నమ్ముతారు. నొప్పులు పడే మనిషి జడ విప్పుతారు. పెట్టెల మూతలు తీస్తారు, గింజల మూటలు విప్పుతారు, కొట్టంలో ఎద్దుల పలుపులు కూడా వదులు చేస్తారు. గిడ్డమ్మ అత్తవారింట్లో వీటన్నిటికంటే ముందు విప్పేది ఇంకొకటి ఉండేది. అది దేవుడి గూట్లోని తాటాకుల కట్ట. రెండు చెక్కల నడుమ బిగించి, నూలు తాడు చుట్టి ముడేసిన పాత ఆకులు. ఎవరు రాశారో, అందులో ఏముందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని అనుకున్నవాళ్లూ లేరు. ఇంటి పెద్ద ఆడమనిషి ఆ ముడి విప్పి కట్టను తలాపున పెడుతుంది. బిడ్డ బయటపడ్డాక అదే చేత్తో మళ్లీ కడుతుంది. ఇంట్లో ఒకతె కడుపుతో ఉన్నన్నాళ్లూ మాత్రం దాన్ని ఎవరూ విప్పకూడదు. విప్పితే కడుపు జారిపోతుందని వాళ్ల భయం.

గిడ్డమ్మకు ఈ నమ్మకం ఎవరో చెబితే వచ్చింది కాదు. హనుమేష్ కడుపులో ఉన్నప్పుడు ఆమె రెండు రోజులు నొప్పులు పడింది. మంత్రసాని చేతులెత్తేసింది. ఆదోనికి తీసుకుపోదామంటే బండి దొరకలేదు. చివరికి అత్త కట్ట తెచ్చి, ముడి విప్పి తలాపున పెట్టింది. వక్క నమిలినంతసేపట్లో వాడు బయటపడ్డాడు. నడుము విరిగిపోయే నొప్పిలో తన కళ్లతో చూసిన సంగతిని ఎవరు కాదన్నా ఆమె ఒప్పుకోదు. అసలు గిడ్డమ్మ దేన్నైనా ఒప్పుకోవడమే తక్కువ. మొగుడు చిన్న ఈరన్న జబ్బుచేసి పోయాక ఒంటిచేత్తో కొడుకును సాకింది. వాన లేని ఏళ్లలో ఊరందరితో పాటు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయి గుంటూరు మిరపతోటల్లో కాయలు కోసింది, బెంగళూరులో ఇటుకలు మోసింది. మేస్త్రీలతో, కండక్టర్లతో, రేషన్ డీలరుతో తగువులాడి ప్రతిసారీ నెగ్గుకొచ్చింది. అన్నిచోట్లా నెగ్గుకొచ్చిన మనిషికి తాను పొరబడ్డానని తోచడం కష్టం.

ఆ కష్టం రమణి మీద పడింది. రమణి ఓర్వకల్లు దగ్గర పిల్ల, డిగ్రీ చదివింది. కాపురానికి వచ్చిన ఏడాది దసరాకు ఇల్లు దులుపుతూ, గూట్లో కట్టకు పట్టిన పసుపు, కుంకుమ, నూనె జిడ్డు చూసింది. తాడు విప్పి, ఆకులన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ ఉన్నట్టే కట్టి పెట్టింది. అప్పటికి తనకు నెల తప్పిన సంగతి ఆ పిల్లకే సరిగ్గా తెలియదు. దీపావళి రాకముందే ఆ కడుపు పోయింది. మరుసటేడు ఇంకొకటి పోయింది. ఆ రెండోసారి కూతురిని చూడటానికి మద్దమ్మ వచ్చినప్పుడు, గిడ్డమ్మ మంచంలో ఉన్న కోడలి కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తింది.

"చూడు వదినా. కట్ట ఊడదీసిన చెయ్యి ఇదే. ఇద్దరు బిడ్డల్ని మింగిన చెయ్యి ఇదే," అంది.

మద్దమ్మ కూతురి చెయ్యి విడిపించి దుప్పటి కింద పెట్టింది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. రమణి అత్తకు వేళకు అన్నం పెట్టేది, నీళ్లు తోడేది, అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. కొన్నాళ్లకు కర్నూలు నుంచి పాత తాళపత్రాలు సేకరించే లైబ్రరీవాళ్లు ఊరికి వచ్చారు. ఇంట్లో పోరు పోతే చాలునని హనుమేష్ కట్టను వాళ్లకు ఇచ్చేశాడు. గిడ్డమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. అయినా కట్ట గడప దాటేముందు తన చేత్తో తాడు బిగించి, గట్టిగా ముడేసి, "దీన్ని ఎవరూ ఊడదీయగూడదు" అని చెప్పి పంపింది. వాళ్లు అలాగేనన్నారు. అలాగేననడానికి వాళ్లకేం పోయింది!

ఆ తర్వాతే రమణికి మళ్లీ నెల తప్పింది. ఈసారి కడుపు నిలిచింది. నిలవదా మరి, ముడేసింది నేను గదా అని గిడ్డమ్మ లోలోపల మురిసిపోయింది. కోడలితో మాత్రం ఆ మాట అనలేదు, ఇంకే మంచి మాటా అనలేదు. ఇప్పుడు అదే ముడి బిడ్డను బయటికి రానివ్వడం లేదని ఆమె భయం. డాక్టరమ్మతో చెబితే నవ్వుతుంది. కొడుకుతో చెబితే కసురుతాడు. అందుకే టీ పేరు చెప్పి వచ్చింది.

మేడ గేటు దగ్గర కాపలా మనిషి బొజ్జన్న ఆమెను ఆపాడు. "ఎవరు కావల్ల మా?" అన్నాడు.

"మా ఇంటి ఆకుల కట్ట ఈడ ఉండాది. చూసి పోతా."

"అట్ల చూసేకి లేదు. అర్జీ పెట్టుకోవల్ల, సారు సంతకం చేయల్ల. సారు ఈ పొద్దు కడపకు పోయినాడు. రేపు రా."

"రేపు నాకు పనికి రాదప్పా."

"నేనేం చేసేది? పద్ధతి అట్లుండాది."

ఇంకో రోజైతే గిడ్డమ్మ ఆ పద్ధతిని, దాన్ని పెట్టినవాళ్లను కలిపి నాలుగు తిట్టేది. ఈ రోజు ఆమెకు తిట్టే తీరిక లేదు. గుప్పిట్లో ఉన్న చిన్న ఫోన్ ఎప్పుడు మోగుతుందో, మోగితే ఏం వినాల్సి వస్తుందో తెలియదు. గేటు ఊచలు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "ఇచ్చేటప్పుడు మీవాళ్లు ఏం చెప్పిరి? ఎప్పుడన్నా వచ్చి చూసుకో అవ్వా అని చెప్పలేదా? ఆ మాట అబద్ధమని నువ్వు చెప్పు, పోతా. అంతవరకూ ఈ ఊచలు వదల్ను."

ఆమె గొంతు పెరగడంతో లోపలి నుంచి ఒకామె వచ్చింది. పేరు నాగలత. పాత ఆకులు శుభ్రం చేసి బాగుచేసే పని ఆమెది. కట్ట ఏ ఊరిదని అడిగింది. కోసిగి పక్కదని చెప్పగానే ఆమె మొహం విప్పారింది. "అది నా దగ్గరే ఉంది. ఇచ్చినవాళ్లు వస్తే చూపించమని సారు ముందే చెప్పినారు. రా పెద్దమ్మా," అని గేటు తీయించింది.

లోపల పొడుగాటి గది. కిటికీలకు మందపాటి తెరలు దించి ఉన్నాయి. నిమ్మగడ్డి నూనె వాసన, కర్పూరం వాసన కలిసి ముక్కుకు తగిలాయి. గోడల పొడవునా ఇనుప బీరువాలు, వాటి అద్దాల వెనక ఎర్రగుడ్డల్లో చుట్టి కట్టిన కట్టలు వరుసగా ఉన్నాయి. నవాబుల కాలానికి ముందువి, రాజుల కాలానివి అని నాగలత చెబుతోంది. గిడ్డమ్మకు వాటి వయసు కనబడలేదు, ముళ్లే కనబడ్డాయి. ఇన్ని ఇళ్ల కట్టలు ఇక్కడ బిగించి పెట్టారు, ఏ ఇంట్లో ఎవరు నొప్పులు పడుతున్నారో ఏమో అనుకుంది.

నాగలత ఆమెను ఒక బల్ల ముందు కూర్చోబెట్టింది. "చూడొచ్చు పెద్దమ్మా, కానీ తాకగూడదు. ఆకులు బాగా ఎండిపోయినాయి, పట్టుకుంటే పెళుసుగా విరుగుతాయి," అంది. గిడ్డమ్మ బుద్ధిగా తలూపింది. కొంగు చాటున ఆమె వేళ్లు సిద్ధంగా ఉన్నాయి. తాను వేసిన ముడి ఎక్కడుంటుందో, ఏ కొస లాగితే ఊడుతుందో ఆమెకు తెలుసు. ఈమె ఒక్కసారి అటు తిరిగితే చాలు. ఆకులు విరిగితే విరగనీ, తిడితే తిట్టనీ, పోలీసులకు పట్టిస్తే పట్టించనీ.

నాగలత బీరువా నుంచి చదునైన ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. "శానా మంచి కట్ట ఇచ్చినారు మీరు. నాలుగొందల ఏండ్ల పైమాటే. దీంట్లో ఏముందో తెలుసునా? గొడ్లకు వచ్చే జబ్బులు, వాటికి మందులు. ఆవు ఈనలేకపోతే ఏం చేయాలో కూడా రాసిపెట్టినారు."

"కానీ తల్లీ, తెరువు," అంది గిడ్డమ్మ. ఆమె చెవికి ఒక్క మాట కూడా ఎక్కలేదు.

మూత తీశారు. లోపల తెల్లటి కాగితాల మీద ఆకులు విడివిడిగా పరిచి ఉన్నాయి. పసుపు, కుంకుమ, జిడ్డు ఏమీ లేవు. మసి పట్టించిన అక్షరాలు నల్లగా చీమల బారుల్లా కనిపిస్తున్నాయి. చెక్కలు ఒక పక్కన ఉన్నాయి. తాడు లేదు. ముడి లేదు. గిడ్డమ్మ వేళ్లు కొంగు చాటునే ఆగిపోయాయి.

"తాడేది?" అంది.

"పుచ్చిపోయింది పెద్దమ్మా. దాన్ని అట్లనే ఉంచితే ఆకుల బెజ్జాలు చిరిగిపోతాయి. అందుకే తీసేసినా. మళ్లీ కట్టలేదు, ఇట్ల విడిగానే ఉంచుతాం."

"ఎప్పుడు తీసినావు?"

"వచ్చిన వెంటనే. పోయిన ఉగాది దాటినాక."

గిడ్డమ్మకు మొదట వచ్చింది కోపమే. "ఊడదీయొద్దని చెప్పి పంపితి గదా," అని బల్ల మీద చెయ్యి వేసింది. "ఇంట్లో కడుపుతో ఉండే మనిషి ఉంటే, మీరెట్ల..." అంటూ మధ్యలో ఆగిపోయింది.

పోయిన ఉగాది. రమణికి నెల తప్పింది ఆ తర్వాత, ఎండలు ముదిరాక. అంటే ఆ పిల్లకు కడుపు రాకముందు నుంచి ఈ కట్ట విప్పే ఉంది. వేవిళ్లప్పుడు విప్పే ఉంది, బిడ్డ కదిలినప్పుడు విప్పే ఉంది, నెలలు నిండేదాకా విప్పే ఉంది. బిడ్డ జారలేదు. ముడి లేకుండానే నిలిచింది.

అయితే ఆ దసరా నాడు రమణి చేసిన తప్పేమిటి? గిడ్డమ్మ ఆ ప్రశ్నను పక్కకు నెట్టాలని చూసింది. అది పక్కకు పోలేదు. గుడ్డతో ఆకులు తుడిచిన పిల్ల, మంచంలో కళ్లు మూసుకుని పడుకున్న పిల్ల, తాను ఎత్తి చూపించిన ఆ చెయ్యి, అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. ఇంత సిగ్గు ఆమె ఎన్నడూ పడలేదు.

ఆ సిగ్గు వెనకాలే భయం వచ్చింది. ముడి బిడ్డను పట్టి ఉంచలేదంటే, ముడి విప్పి బిడ్డను రప్పించడం కూడా కుదరదు. ఆమె చేతిలో ఉందనుకున్న మందు లేదు. ఇక్కడ చేయగలిగింది ఏమీ లేదు. అక్కడ కోడలు ఒంటరిగా నొప్పులు పడుతోంది, అత్త నోట ఒక్క మంచి మాట వినకుండానే.

నాగలత ఏమైందని అడిగింది. గిడ్డమ్మ దాచకుండా అంతా చెప్పేసింది, ముడి లాగేద్దామని వచ్చిన సంగతి కూడా. నాగలత నవ్వలేదు, కోప్పడలేదు. పెట్టె మూత మెల్లగా మూసి, "ముందు ఆస్పత్రికి పో పెద్దమ్మా," అంది.

అప్పుడే గుప్పిట్లో ఫోన్ మోగింది. "యాడికి పోయినావు మా?" అన్నాడు హనుమేష్. "బిడ్డ గుండె కొట్టుకునేది తగ్గుతాందంట. ఆపరేషన్‌కు తీస్కపోతామని చెప్పినారు. నేను సంతకం పెట్టినా. నువ్వు రా."

"వస్తాండా. రమణికి చెప్పు, నేను వస్తాండానని చెప్పు. నేను వచ్చేవరకూ..." అంది గానీ, ఆపమని ఎవరితో అనగలదు? ఆపకూడదు కూడా.

దారిలో ఆటో రెండుచోట్ల ఇరుక్కుంది. పెళ్లి ఊరేగింపు ఒకటి రోడ్డంతా నిండిపోయి కదలడం లేదు. గిడ్డమ్మ ఆటో దిగేసింది, జనంలో తోసుకుంటూ, చెప్పు తెగితే దాన్ని అక్కడే వదిలేసి నడిచింది. నడిచింది అనడం మర్యాదకు, ఆ వయసులో పరుగెత్తింది. ఒకవేళ కోడలు ఆ గదిలోంచి మళ్లీ రాకపోతే, తాను అన్న ఆఖరి మాటలు ఏవో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. నిన్న సాయంత్రం బస్టాండులో "బిరీన నడువు" అన్నది తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

ఆమె మెట్లెక్కేసరికి రమణిని చక్రాల మంచం మీద ఆపరేషన్ గది వైపు తోసుకుపోతున్నారు. జుట్టంతా చెమటకు మొహానికి అంటుకుని ఉంది. పక్కన హనుమేష్, వెనక మద్దమ్మ నడుస్తున్నారు. గిడ్డమ్మ అడ్డంపోయి మంచం కడ్డీ పట్టుకుంది. నర్సు జరగమంది.

"ఒక్క మాట తల్లీ," అని గిడ్డమ్మ వంగింది. ఆయాసంతో మాటలు ముక్కలుగా వచ్చాయి. "రమణీ, ఆ కట్టకు తాడే లేదు. నీకు నెల తప్పకముందు నుంచి ఊడదీసే పెట్టినారంట. నేను చూసొచ్చినా. అయినా నీ బిడ్డ నిల్చింది. నువ్వు ఏ తప్పూ చేయలేదు. నేనే అనరాని మాట అంటి."

రమణి కళ్లు తెరిచి ఆమెను చూసింది. నొప్పి వచ్చి పోయేదాకా పళ్లు బిగబట్టి, తర్వాత మెల్లగా అంది. "మా అమ్మకు చెప్పు అత్తా. ఆయమ్మ ముందర గదా నా చెయ్యి ఎత్తి చూపిస్తివి."

మంచం లోపలికి వెళ్లింది, తలుపులు మూసుకున్నాయి.

హనుమేష్ ఆ తలుపు ముందే నిలబడిపోయాడు. మద్దమ్మ వెళ్లి బెంచీ కొసన కూర్చుంది. కోడలి తల్లితో ఏం చెప్పాలో గిడ్డమ్మకు తెలుసు, ఎప్పుడు చెప్పాలన్నదే తేలలేదు. బిడ్డ క్షేమంగా బయటికి వస్తే చెప్పడం సులువు, ఆ సంతోషంలో ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. కానీ అప్పుడు చెబితే అది సంతోషంలో దొర్లిన మాట అవుతుంది. ఏదైనా కాకూడనిది అయితే, ఆ తల్లి ముందు ఈ నోరు మళ్లీ తెరుచుకోదు. చెప్పాల్సింది ఇప్పుడే, తలుపు ఇంకా మూసి ఉండగానే. మేస్త్రీలకు, కండక్టర్లకు భయపడని మనిషికి ఆ బెంచీ దాకా నాలుగడుగులు వేయడం కొండంత పనైంది.

ఆమె వెళ్లి మద్దమ్మ పక్కన కూర్చుంది. "వదినా," అంది. మద్దమ్మ తల తిప్పలేదు.

"నీ బిడ్డను నేను అన్యాయంగా అంటి. ఆ ఇద్దరు బిడ్డలు పోయింది ఆ పిల్ల చెయ్యి వల్ల కాదు. నీ ముందర అంటి, అందుకే నీ ముందర చెప్తాండా. నాది తప్పు."

"ఆ పొద్దు నుంచి నా బిడ్డ కుడిచేత్తో దేవుడికి పువ్వు పెట్టలేదు వదినా," అంది మద్దమ్మ. "నీకు తెల్సునా ఆ సంగతి?"

గిడ్డమ్మకు తెలియదు. ఒకే ఇంట్లో ఉండి చూడలేదు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. నర్సు పొత్తిళ్లలో బిడ్డను పట్టుకుని వచ్చి రమణి వాళ్లు ఎవరని అడిగింది. ఆడపిల్ల అంది, తల్లి బాగానే ఉంది, ఇంకా మత్తులో ఉంది అంది. హనుమేష్ గోడకు ఆనుకుని నేల మీద కూలబడి ఏడ్చాడు. మద్దమ్మ ముందుకు పోయి బిడ్డను అందుకుంది. గిడ్డమ్మ లేచి నిలబడింది గానీ దగ్గరికి పోలేదు. దూరం నుంచే మెడ చాచి చూసింది. చిన్న మొహం ఎర్రగా కనిపించింది, అంతే.

మద్దమ్మ ఆమె వైపు తిరిగింది. బిడ్డను ఇవ్వడానికి చేతులు కదిలాయి, కానీ ఆగాయి.

"రమణి లేచినాక దాన్ని అడిగి ఎత్తుకో వదినా," అంది.

"అట్లనే," అని గిడ్డమ్మ మళ్లీ బెంచీ మీద కూర్చుంది. కోడలికి మెలకువ వచ్చేదాకా ఆ తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది.